చీరల వ్యాపారం వాట్సాప్ దాటి పెరిగితే, ఆన్‌లైన్ షాపు దేనిమీద పెట్టాలి?

శుక్రవారం సాయంత్రం గ్రూపులో ఇరవై మంగళగిరి చీరల ఫొటోలు పెడతారు. పది నిమిషాలు తిరక్కుండా ఒకే నెమలికంఠం రంగు చీరకి ఆరుగురు "నాకు" అంటారు. ఎవరు ముందు అడిగారో మెసేజ్‌లు పైకి జరుపుకుంటూ వెతకాలి. ఒకరు ఫోన్‌పే స్క్రీన్‌షాట్ పంపుతారు, పేరు ఉండదు. ఇంకొకరు అడ్రస్ పంపుతారు, పిన్‌కోడ్ ఉండదు. రాత్రి పదకొండున్నరకి "అక్కా, నా పార్సిల్ ఎక్కడిదాకా వచ్చింది?" అని ఫోను. మర్నాడు మగ్గాల దగ్గరికి వెళ్లి మనిషికింత ఇవ్వాల్సిన డబ్బు లెక్క చూసుకుంటే, నిన్న అమ్మినదానికీ ఖాతాలో పడినదానికీ పొంతన కుదరదు.

మా అక్క వ్యాపారం సరిగ్గా ఇక్కడికి వచ్చి ఆగింది. అమ్మకం పెరుగుతోంది, అమ్మే మనిషికి మాత్రం ఊపిరి ఆడటం లేదు. "ఒక వెబ్‌సైట్ పెట్టేయండి" అని అందరూ చెప్పారు. దేనిమీద పెట్టాలో, ఎందుకో ఎవరూ చెప్పలేదు. మేం మొదట ఒకటి ఎంచుకుని, ఏడాదిన్నరకి దాన్ని వదిలేసి ఇంకొకదానికి మారాం. ఆ మార్పుకి పెట్టిన డబ్బు కంటే పోయిన నిద్ర ఎక్కువ. ఆ తిప్పలు మీకు తప్పాలని ఇది రాస్తున్నాను. ఉదాహరణలన్నీ చేనేత చీరల నుంచే తీసుకున్నాను, నాకు దగ్గరగా తెలిసిన సరుకు అదే. మీది పచ్చళ్లయినా, ఇత్తడి సామానైనా వరస ఇదే.

మొదటి పని: మూడు నెలల ఆర్డర్లు పుస్తకంలోకి ఎక్కించండి

ఏ కంపెనీ సైటూ తెరవకండి, ఏ యూట్యూబ్ పోలికా చూడకండి. గత మూడు నెలల్లో వచ్చిన ఆర్డర్లన్నీ ఒక పుస్తకంలోకో ఎక్సెల్ షీట్‌లోకో దించండి. తేదీ, చీర ధర, ఏ ఊరికి వెళ్లింది, మనిషి కొత్తా పాతా, డబ్బు ఎలా వచ్చింది, ఫాల్-పికో అడిగారా, చీర వెనక్కి వచ్చిందా. ఇంతే. రెండు రోజులు పడుతుంది, విసుగు పుడుతుంది, అయినా చేయండి.

ఎందుకంటే మీకు ఏ ప్లాట్‌ఫామ్, అంటే ఆన్‌లైన్ షాపు పెట్టుకునే చోటు, సరిపోతుందో అందులోనే ఉంటుంది. మా అక్క పుస్తకంలో సగానికి పైగా పాత కస్టమర్ల పేర్లే కనబడ్డాయి. అంటే ఆమెకు కొత్త జనం కంటే పాతవాళ్లు మళ్లీ సులువుగా కొనుక్కునే చోటు ముఖ్యం. మీ పుస్తకంలో అంతా కొత్తవాళ్లే అయితే మీ అవసరం వేరు, జనం ముందే తిరుగుతున్న బజారు కావాలి మీకు. ఎక్కువ ఆర్డర్లు వేరే రాష్ట్రాలకు వెళ్తుంటే జీఎస్టీ లెక్క ముందుకొస్తుంది. క్యాష్ ఆన్ డెలివరీ ఎక్కువైతే కొరియర్ సంగతి ముందుకొస్తుంది. మీ వ్యాపారంలో నెమ్మదిగా ఉండే నెల ఏదో కూడా అక్కడే తెలుస్తుంది, దాని అవసరం చివర్లో పడుతుంది.

రోజుకి నాలుగైదు ఆర్డర్లే ఉంటే ఇంకా ఏదీ కొనకండి. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో కేటలాగ్ పెట్టుకోవచ్చు, 500 వస్తువుల దాకా పడతాయి, ఖర్చు లేదు. లేబుళ్లు పెట్టి "డబ్బు వచ్చింది", "పంపేశాం" అని విడదీసుకుంటే సగం గందరగోళం అక్కడే తీరుతుంది. అదీ చాలనప్పుడు ముందుకు రండి.

రెండో పని: పేరు మీ పేరు మీద కొనండి

ప్లాట్‌ఫామ్ ఏదైనా డొమైన్ పేరు ముందు కొనాలి. మీ షాపు పేరు డాట్ కామ్, లేదా డాట్ ఇన్. అది మీ సొంత ఈమెయిల్‌తో, మీ సొంత ఫోన్ నంబరుతో, మీ కార్డుతో మీరే కొనండి. వెబ్‌సైట్ చేసే కుర్రాడు "నేను చూసుకుంటాలే అండీ" అన్నా సరే, వద్దనండి.

మేం మొదటిసారి ఆ మాట అనలేదు. సైటు చేసినతను తన ఖాతాలోనే డొమైన్ కొన్నాడు. ఏడాది తిరిగేసరికి అతను ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్లాడు, ఫోను ఎత్తడం తగ్గింది. రెన్యువల్ తేదీ దాటి సైటు ఆగిపోయింది. సంచుల మీద, విజిటింగ్ కార్డుల మీద అచ్చువేసిన పేరు అది. పేరు వెనక్కి రావడానికి మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాలూ శ్రావణమాసంలో పడ్డాయి. అతనికి చెడు ఉద్దేశం లేదు, తాళంచెవి మన దగ్గర ఉంచుకోకపోవడం మన తప్పు.

మూడో పని: ఎన్ని దారులున్నాయో చూడండి

పేర్లు వందుంటాయి కానీ దారులు మూడే. ఒకటి, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో లాంటి పెద్ద బజారులో కొట్టు తీసుకోవడం. రెండు, షాపిఫై, జోహో కామర్స్, దుకాన్ లాంటి వాటిలో నెలకింత అద్దె కట్టి మీ పేరుతో షాపు పెట్టుకోవడం. సర్వర్ల బాధ వాళ్లది, షాపు మీది. మూడు, వూకామర్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తీసుకుని మీ సొంత హోస్టింగ్ (సైటు ఉంచడానికి మీరే తీసుకునే సర్వర్ చోటు) మీద కట్టుకోవడం. సొంత స్థలంలో ఇల్లు కట్టుకున్నట్టు ఉంటుంది, పైకప్పు కారినా మీరే చూసుకోవాలి.

"అంతా కొత్తగా కోడ్ రాసి చేసిస్తాం" అనే నాలుగో దారి ఒకటి చెబుతారు. పెరుగుతున్న చిన్న వ్యాపారానికి అది వద్దు. కార్టు, పేమెంటు, స్టాకు, బిల్లు వేలమంది వాడి సరిచేసిన వస్తువులు తయారుగా ఉన్నాయి. వాటినే మళ్లీ మొదటి నుంచి రాయించుకుంటే, రాసినవాడు తప్ప ఇంకెవరూ బాగుచేయలేని షాపు మిగులుతుంది.

ఓఎన్‌డీసీ గురించీ అడుగుతుంటారు. 2021 డిసెంబరు 31న ఏర్పాటైన కంపెనీ అది. అమ్మేవాళ్ల యాప్‌లనీ కొనేవాళ్ల యాప్‌లనీ కలిపే నెట్‌వర్క్. నేరుగా దానిమీద షాపు పెట్టలేరు, దానికి కలిసిన ఒక సెల్లర్ యాప్ ద్వారా చేరాలి. అందుకని అది అదనంగా తెరుచుకునే కిటికీ అవుతుంది కానీ మీ అసలు గుమ్మం కాదు.

పెద్ద బజారులోకి వెళ్లాలా?

జనం అక్కడ ఉన్నారు, కాదనలేం. ప్రకటనల ఖర్చు లేకుండానే గౌహతి నుంచి ఒకరు మీ చీర కొనవచ్చు. కానీ ఆ గౌహతి ఆవిడ ఫోన్ నంబరు మీకు రాదు. వచ్చే దసరాకి ఆవిడకి కొత్త చీరలు చూపించాలంటే మళ్లీ ఆ బజారే చూపించాలి. చీర నచ్చి మళ్లీ వచ్చే వ్యాపారంలో ఇది చిన్న నష్టం కాదు.

డబ్బు లెక్క కూడా చూడండి. కమీషన్, షిప్పింగ్, ఇతర ఫీజులు పోగా మిగిలింది వస్తుంది. కమీషన్ రకాన్ని బట్టి మారుతుంది, మీ రకానికి ఎంతో ఆ సైటు ఫీజుల పట్టికలోనే చూడాలి. దానిపైన జీఎస్టీ కింద 0.5 శాతం టీసీఎస్ (మీ తరఫున బజారే ముందుగా పట్టుకునే పన్ను) పట్టుకుంటారు, ఇది 2024 జులై 10కి ముందు 1 శాతం ఉండేది. ఆదాయపు పన్ను కింద అలాగే 0.1 శాతం టీడీఎస్ కోస్తారు, ఇది 2024 అక్టోబరు నుంచి తగ్గింది. ఈ రెండూ పోయిన డబ్బు కాదు, పన్ను రిటర్నులు వేసినప్పుడు మీ ఖాతాకి జమ వేసుకోవచ్చు. వేసుకోకపోతే మాత్రం పోయినట్టే. మా అక్కకి మొదటి ఏడాది ఇది తెలియలేదు.

అన్నిటికంటే బరువైనది ఆలస్యం. మగ్గం నేసినవాళ్లకి వారం తిరిగేసరికి డబ్బు ఇవ్వాలి. బజారులో సెటిల్‌మెంట్ చీర చేరి, రిటర్న్ గడువు లెక్కలోకి వచ్చాక పడుతుంది. మధ్య రోజులకి పెట్టుబడి మీదే. ఎన్ని రోజులకి పడుతుందో చేరకముందే అడిగి, ఆ రోజులను మీ చేతిలో ఉన్న డబ్బుతో పోల్చుకోండి.

మీషో అమ్మేవాళ్ల దగ్గర కమీషన్ తీసుకోదు, అందుకే చాలామంది అటు చూస్తారు. కానీ అక్కడ కొనేవాళ్లు ధర చూసి కొంటారు. మరమగ్గం మీద నేసిన, మంగళగిరి అంచులా కనబడే చీర పక్కన చేతిమగ్గం చీర పెడితే ఫొటోలో తేడా తెలియదు, ధరలోనే తెలుస్తుంది. నా అభిప్రాయం చెప్పాలంటే అసలైన చేనేతకి అది చోటు కాదు. రోజువారీ కాటన్, ప్రింటు చీరలు అమ్మేవాళ్లకి బాగానే పనికొస్తుంది. చేనేతవాళ్లకి కేంద్ర జౌళి శాఖ నడిపే ఇండియా హ్యాండ్‌మేడ్ పోర్టల్ ఒకటుంది, అందులో అర్హత ఉందేమో చూసుకోండి.

బజారులోకి వెళ్తే నాదొక్క మాట: ఒక్కటే ఉన్న చీర అక్కడ పెట్టకండి. ఒకే పడుగు మీద వరసగా వచ్చేవి, మళ్లీ నేయించగలిగేవి మాత్రమే పెట్టండి. ఎందుకో కింద చెబుతాను.

నాలుగో పని: అద్దె షాపు అసలు ఖరీదు కట్టండి

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. నెల చందా చూసి ఇది చవక, అది ప్రియం అనుకుంటారు. చందా అసలు ఖర్చులో చిన్న ముక్క.

షాపిఫైని తీసుకుందాం, అందరూ మొదట చెప్పే పేరు అదే. కెనడా కంపెనీ, 2006లో మొదలైంది. వాడటం సులువు, అది నిజం. కానీ వాళ్ల సొంత పేమెంట్ సేవ షాపిఫై పేమెంట్స్ మన దేశంలో లేదు. కాబట్టి రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ లాంటి బయటి గేట్‌వే (కస్టమర్ కట్టిన డబ్బు మీ ఖాతాకి చేర్చే సేవ) పెట్టుకోవాలి. బయటి గేట్‌వే వాడినందుకు షాపిఫై తన వంతు ఫీజు వేస్తుంది. బేసిక్ ప్లాన్‌లో అది 2 శాతం, పై ప్లాన్‌లకి పోయేకొద్దీ తగ్గుతుంది. గేట్‌వే తీసుకునేది వేరు.

2,000 రూపాయల చీర మీద లెక్క వేసి చూద్దాం. గేట్‌వే 2 శాతం అనుకుంటే 40 రూపాయలు, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ 7 రూపాయల 20 పైసలు. షాపిఫై ఫీజు ఇంకో 40. మొత్తం 87 రూపాయల పైచిలుకు. నెలకి అలాంటివి 150 చీరలు ఆన్‌లైన్ పేమెంట్‌తో అమ్మితే ఒక్క షాపిఫై ఫీజే 6,000 అవుతుంది, చందా దీనికి అదనం. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లకి ఈ 2 శాతం పడదు.

ఇంకో చిన్న లెక్క నేర్చుకోండి, చాలా పనికొస్తుంది. పై ప్లాన్‌లో ఫీజు 1 శాతం తక్కువ అనుకుందాం. రెండు ప్లాన్‌ల చందా తేడా నెలకి 4,000 అయితే, నెలకి ఆన్‌లైన్ పేమెంట్ అమ్మకం 4 లక్షలు దాటాకే పై ప్లాన్ గిట్టుబాటు. అంతకు లోపు ఉంటే కిందదే మేలు. చందాలు మారుతూ ఉంటాయి కాబట్టి ఈ రోజు ధర వాళ్ల సైటులో చూసి మీ అంకెలు వేసుకోండి. పుస్తకంలో రాసిన మూడు నెలల ఆర్డర్లు ఇక్కడ అక్కరకొస్తాయి, ఊహ అక్కర్లేదు.

గేట్‌వే వాళ్లని ఒక ప్రశ్న విడిగా అడగండి: యూపీఐకి ఎంత? 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపుల మీద ఎండీఆర్ (చెల్లింపుకి అమ్మేవాళ్ల దగ్గర బ్యాంకులు తీసుకునే ఫీజు) సున్నా. అయినా గేట్‌వేలు తమ సేవకి ఫీజు వేయవచ్చు, కొందరు వేస్తారు, కొందరు బేరమాడితే తగ్గిస్తారు. మన కస్టమర్లలో ఎక్కువమంది యూపీఐతోనే కడతారు కాబట్టి ఈ ఒక్క అంకె మీ నెల లెక్కను మార్చేస్తుంది.

ఇక యాప్‌లు. రివ్యూలకి ఒక యాప్, వాట్సాప్ మెసేజ్‌కి ఒకటి, బిల్లుకి ఒకటి. ఒక్కొక్కటి నెలకి కొంత లాగుతుంది, కొన్ని డాలర్లలో. మీకు కావలసిన పనులు రాసుకుని, వాటిలో ఏవి ప్లాన్‌లోనే ఉన్నాయో, ఏవి యాప్ కొనాలో ఎదురుగా రాయండి. జోహో కామర్స్ లాంటివి చూసేటప్పుడూ ఇదే పట్టిక వాడండి. జోహో తమిళనాడు కంపెనీ, దాని లెక్కల సాఫ్ట్‌వేర్ ఇప్పటికే వాడుతున్నవాళ్లకి బిల్లులు, జీఎస్టీ ఒకేచోట కలిసిరావడం మంచి సౌకర్యం.

వూకామర్స్ ఎవరికి?

వూకామర్స్ 2011లో వచ్చింది, వర్డ్‌ప్రెస్ అనే వెబ్‌సైట్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది, సాఫ్ట్‌వేర్ ఉచితం. అమ్మకం మీద వాటా అడగదు. పై లెక్కలోని 6,000 ఇక్కడ మిగులుతుంది. బాగుంది కదా అనిపిస్తుంది, మేం మొదట ఎంచుకున్నదీ ఇదే.

కానీ వర్డ్‌ప్రెస్, థీమ్ (సైటు రూపు), ప్లగిన్లు (అదనపు పనులకి తగిలించే చిన్న ప్రోగ్రాములు) అన్నీ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేస్తూ ఉండాలి. ఒకటి అప్‌డేట్ చేస్తే దానికి ఇంకొకటి పొసగకపోవచ్చు. ఓ ఆదివారం పొద్దున పేమెంట్ ప్లగిన్ కొత్త వెర్షన్ వేశాం, సాయంత్రం దాకా ఆర్డరు రాలేదు. గిరాకీ లేదేమో అనుకున్నాం. ఒక పాత కస్టమర్ ఫోన్ చేసి "డబ్బు కట్టే బటన్ నొక్కితే ఏమీ రావడం లేదమ్మా" అన్నాక తెలిసింది.

కాబట్టి వూకామర్స్ తీసుకునేముందు ఒకే ప్రశ్న: సైటు ఆగిన రోజు రాత్రి తొమ్మిదింటికి దాన్ని సరిచేసే మనిషి ఎవరు? ఇంట్లోనే తెలిసిన పిల్లలున్నా, నెలకింత ఇచ్చి పెట్టుకున్న నమ్మకమైన మనిషి ఉన్నా ఇంతకంటే మంచిది లేదు. పేరు చెప్పలేకపోతే అద్దె షాపుకే వెళ్లండి. ఆ 6,000 మీకు మిగిలేది కాదు, ఎవరికో ఇచ్చి తీరాల్సిందే.

ఐదో పని: మీ సరుకు తీరుతో పరీక్ష పెట్టండి

చాలా కంపెనీలు కొన్నాళ్లు వాడి చూడటానికి ట్రయల్ ఇస్తాయి. ఆ రోజుల్లో వాళ్ల నమూనా చొక్కాలు పెట్టి చూడకండి. మీ పది చీరలు ఎక్కించండి, అందులో మీకు బాగా తలనొప్పి తెచ్చే చీర కచ్చితంగా ఉండాలి.

మాకు అలాంటిది ఒంటి చీర, అంటే ఒక్కటే పీసు. స్టాకు 1. ఇద్దరు ఒకేసారి కార్టులో వేసుకుంటే ఏమవుతుంది? చాలా షాపుల్లో కార్టులో వేసినంత మాత్రాన వస్తువు పక్కకి పెట్టరు, డబ్బు కట్టినవాళ్లదే. రెండు ఫోన్లు పట్టుకుని, ఇద్దరూ ఒకేసారి కొన్నట్టు చేసి చూడండి. రెండోవాళ్లకి డబ్బు కట్టకముందే "అయిపోయింది" అని కనబడాలి. డబ్బు పోయాక కనబడితే ఆ ప్లాట్‌ఫామ్ మీకు కాదు.

ఇప్పుడు ఆ ఒంటి చీరనే బజారులో కూడా పెడితే? మీ సైటులో అమ్ముడుపోయిన సంగతి అక్కడికి చేరేలోపు అక్కడా ఒకరు కొంటారు. రద్దు చేస్తే మీ రేటింగు పడిపోతుంది. స్టాకు రెండు చోట్లా కలిపే యాప్‌లు ఉన్నాయి, ఒంటి చీరల విషయంలో వాటిమీద నాకు ధీమా లేదు. పైన ఒక్కటే ఉన్న చీర బజారులో పెట్టవద్దన్నది ఇందుకే. వాట్సాప్ గ్రూపుకీ ఇదే నియమం పెట్టుకోవాలి. ఫొటోతోపాటు సైటు లింకు పంపండి, "లింకులో ముందు కట్టినవాళ్లదే చీర" అని చెప్పండి. మొదట్లో కొందరు నొచ్చుకుంటారు. నెల తిరిగేసరికి, ఆరుగురు "నాకు" అన్నప్పుడు ఎవరి పక్షం వహించాలన్న టెన్షన్ మీకు పోతుంది.

తర్వాత ఫాల్-పికో. చీర ఎంచుకున్నాక "ఫాల్, పికో కావాలా" అని అడిగి, అవునంటే ధర కలవాలి. బ్లౌజు కుట్టించే సేవ ఉంటే కొలతలు రాసే చోటు కావాలి. కుట్టిన చీర రిటర్న్ తీసుకోబోమన్న మాట అక్కడే కనబడాలి. ఇవి కొన్ని చోట్ల మామూలుగానే వస్తాయి, కొన్ని చోట్ల డబ్బు పెట్టి యాప్ కొనాలి.

తెలుగు కూడా పరీక్షించండి. చీర పేరు, వివరం తెలుగులో రాసి చూడండి. సైటులో బాగానే కనబడుతుంది, బిల్లు పీడీఎఫ్‌లో మాత్రం ఒత్తులు విడిపోతాయి, లేదా గళ్లు గళ్లుగా వస్తుంది. కస్టమర్ అడ్రస్ తెలుగులో రాస్తే కొరియర్ లేబుల్ మీదా ఇదే తంతు. అలా జరిగితే అడ్రస్ ఇంగ్లిష్‌లో రాయమని ఆ గడి దగ్గరే చెప్పాలి.

చివరి పరీక్ష మీ ఇంట్లో పెద్దావిడతో చేయించండి. ఎనిమిది వేల ఫోను, మొబైల్ డేటా. వైఫై వద్దు. చీర చూసి, కొని, డబ్బు కట్టే వరకూ మీరు పక్కన కూర్చుని నోరు మెదపకుండా చూడండి. ఆవిడ ఎక్కడ ఆగిందో అక్కడే మీ కస్టమర్లూ ఆగుతారు. మా అమ్మ "అకౌంట్ క్రియేట్ చేయండి" దగ్గర ఆగింది. ఆ రోజే ఆ సెట్టింగు తీసేసి, ఖాతా లేకుండా కొనేలా మార్చాం.

ఆరో పని: కొరియర్, క్యాష్ ఆన్ డెలివరీ

ప్లాట్‌ఫామ్‌కి మీ కొరియర్ కలుస్తుందా చూడండి. షిప్‌రాకెట్, డెల్హివరీ లాంటి సేవలు చాలావాటికి నేరుగా కలుస్తాయి. కలిస్తే అడ్రస్ మళ్లీ టైపు చేయక్కర్లేదు, ట్రాకింగ్ లింకు కస్టమర్‌కి దానంతటదే వెళ్తుంది. రాత్రి పదకొండున్నర ఫోన్లు అక్కడే తగ్గుతాయి.

కొరియర్ బరువు రెండు రకాలుగా చూస్తుంది. తూచిన బరువు ఒకటి, పెట్టె కొలతల బరువు ఒకటి, ఏది ఎక్కువైతే దానికి వసూలు చేస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి మామూలుగా 5000తో భాగిస్తారు. 40, 30, 10 ఉన్న అట్టపెట్టె అయితే 2.4 కిలోలు. లోపల ఉన్న కాటన్ చీర అరకిలో! పట్టుచీరకి పెట్టె ఇవ్వండి, కాటన్‌కి గట్టి కవరు చాలు. రెండు రకాల ప్యాకింగ్‌కి రెండు రకాల షిప్పింగ్ ధరలు పెట్టే వీలు మీ ప్లాట్‌ఫామ్‌లో ఉండాలి.

క్యాష్ ఆన్ డెలివరీలో తీసుకోకుండా వెనక్కి పంపిన పార్సిల్‌కి, దాన్నే ఆర్‌టీఓ అంటారు, రానుపోను ఛార్జీ మీమీదే పడుతుంది. పూర్తిగా తీసేస్తే కొత్తవాళ్లు కొనరు. మధ్యేమార్గం ఒకటుంది: 200 రూపాయలు ముందు కట్టించి మిగతాది ఇంటి దగ్గర తీసుకోవడం. ఆ 200 కట్టినవాళ్లు పార్సిల్ తీసుకుంటారు, మా అనుభవం ఇది. అలాగే ఫలానా ధర దాటిన చీరకి క్యాష్ ఆన్ డెలివరీ ఆపేసే సెట్టింగు ఉండాలి. ట్రయల్‌లోనే అడగండి.

జీఎస్టీ సంగతి కొనకముందే తేల్చుకోండి

సరుకు అమ్మేవాళ్లకి జీఎస్టీ నమోదు పరిమితి ఏడాదికి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. కానీ పన్ను వర్తించే సరుకు వేరే రాష్ట్రానికి అమ్మితే ఈ పరిమితి మామూలుగా వర్తించదు, మొదటి రూపాయి నుంచే నమోదు కావాలి. విజయవాడ నుంచి హైదరాబాద్‌కి పంపడమూ ఇప్పుడు వేరే రాష్ట్రానికి అమ్మడమే, ఇది చాలామందికి తట్టదు. చేనేత, హస్తకళల వస్తువులకి కొన్ని షరతులతో మినహాయింపులున్నాయి, అవి మీకు వర్తిస్తాయో లేదో మీ ఆడిటర్‌తో కూర్చుని తేల్చుకోండి. బజారుల్లో అమ్మేందుకు 2023 అక్టోబరు 1 నుంచి ఒక సడలింపు ఉంది, పరిమితి లోపు ఉన్న చిన్నవాళ్లు జీఎస్టీ నమోదు లేకుండానే సొంత రాష్ట్రంలోపల అమ్ముకోవచ్చు. కాంపోజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు అమ్మకం మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉంటే రాష్ట్రం దాటి అమ్మకూడదు. పెరగాలనుకుంటే ఆ స్కీము నుంచి బయటికి రావాలేమో ముందే లెక్క చూసుకోండి.

ప్లాట్‌ఫామ్‌లో చూడాల్సింది ఇది: ధరలో పన్ను కలిపి చూపించాలి, బిల్లులో మాత్రం, మీ షాపు ఆంధ్రప్రదేశ్‌లో ఉంటే, గుంటూరు కస్టమర్‌కి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (కేంద్రం, రాష్ట్రం వాటాలు) అని, హైదరాబాద్ కస్టమర్‌కి ఐజీఎస్టీ (రాష్ట్రం దాటిన అమ్మకం పన్ను) అని విడిగా రావాలి. రెండు ఊళ్ల అడ్రస్‌లతో రెండు ఆర్డర్లు పెట్టి బిల్లులు తీసి ఆడిటర్‌కి చూపించండి. ఆయన ఒప్పుకున్నాకే ముందుకు.

గేట్‌వేవాళ్లు మీ ఖాతా తెరవాలన్నా సైటులో కొన్ని పేజీలు అడుగుతారు: అడ్రస్, ఫోన్, రిటర్న్ పద్ధతి, డెలివరీ ఎన్ని రోజులు, ప్రైవసీ. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాలూ అమ్మేవాళ్ల వివరాలు, రిటర్న్, రీఫండ్ పద్ధతి స్పష్టంగా ఉండాలంటాయి. ఎవరి సైటు నుంచో కాపీ కొట్టకండి. మీరు నిజంగా చేసేదే తేలిక మాటల్లో రాయండి.

డాలస్‌లో ఉన్న పిన్ని కూతురికి పంపాలంటే

మన చీరలకి అమెరికాలో గిరాకీ ఉంది, అది చూసి విదేశీ కరెన్సీ ఆప్షన్ల కోసం పెద్ద ప్లాన్ కొనేస్తారు. ఆగండి. అమెరికాకి 800 డాలర్ల లోపు పార్సిళ్లకి ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకీ ఆపేశారు. ఆ సుంకం ఎవరు కడతారు, ముందే ధరలో కలపాలా, గుమ్మం దగ్గర కస్టమర్ కట్టాలా అన్నది కొరియర్‌తో తేలాకే ధర పెట్టగలరు. ఎగుమతికి కేంద్ర ప్రభుత్వ విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ ఇచ్చే ఐఈసీ (దిగుమతి-ఎగుమతి) కోడ్ కావాలి, ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు, ఫీజు 500 రూపాయలు. మీ పుస్తకంలో నెలకి రెండు మూడు విదేశీ ఆర్డర్లే ఉంటే వాటిని వాట్సాప్‌లోనే నడపండి. ఆ రెండు ఆర్డర్ల కోసం ప్లాట్‌ఫామ్ ఎంచుకోవద్దు.

ఏడో పని: బయటికొచ్చే దారి చూసి లోపలికి వెళ్లండి

మజెంటో అని ఒక పేరున్న ప్లాట్‌ఫామ్ ఉండేది, ఇప్పుడు అడోబీ చేతిలో ఉంది. దాని మొదటి వెర్షన్‌కి 2020 జూన్ 30తో సపోర్టు ఆపేశారు. దానిమీద నడిచే షాపులన్నీ మారాల్సివచ్చింది, లేదంటే భద్రతా మరమ్మతులు లేని షాపులో డబ్బు పుచ్చుకోవాల్సివచ్చింది. మంచి పేరున్నదానికే అలా జరిగింది. ఈ రోజు మీరు ఎంచుకున్నది పదేళ్లు ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

అందుకని ట్రయల్‌లోనే మూడు ఫైళ్లు దించి చూడండి: వస్తువులు, కస్టమర్లు, ఆర్డర్లు. సీఎస్‌వీ ఫైలుగా రావాలి, ఎక్సెల్‌లో తెరుచుకోవాలి. కస్టమర్ ఫోన్ నంబర్లు ఆ ఫైలులో ఉన్నాయా చూడండి. "సపోర్టుకి రాస్తే పంపుతాం" అంటే వద్దు. కార్డు వివరాలు మాత్రం ఎక్కడా రావు, రాకూడదు కూడా. 2022 అక్టోబరు నుంచి అమ్మేవాళ్లు కార్డు నంబర్లు దాచుకోకూడదని రిజర్వ్ బ్యాంక్ నియమం.

చీరల ఫొటోలు కూడా మీ దగ్గర పెద్ద సైజులో విడిగా ఉంచుకోండి. సైటు నుంచి తిరిగి తీసుకుంటే చిన్నవైపోతాయి. మేం నాలుగు వందల చీరలు మళ్లీ ఫొటో తీశాం, అందులో సగం అప్పటికే అమ్ముడైపోయాయి.

మారే వారం

పుస్తకంలో నెమ్మదిగా ఉన్న నెల చూసి పెట్టుకున్నారు కదా, మార్పు అప్పుడే చేయండి. శ్రావణం, దసరా, పెళ్లిళ్ల ముందు వద్దు. పాత సైటు ఉంటే దాని లింకులు కొత్త పేజీలకి దారి మళ్లేలా పెట్టించండి, 301 రీడైరెక్ట్ అంటారు. గూగుల్‌లో సంపాదించుకున్న చోటు దానివల్లే నిలుస్తుంది. పాత కస్టమర్ల పాస్‌వర్డ్‌లు కొత్తచోటికి రావు, ఆ సంగతి వాళ్లకి ముందే మెసేజ్ పెట్టండి.

మొదటి వారం కొత్త సైటు ఇరవైమంది పాత కస్టమర్లకే చూపించండి. ఒక్కో ఆర్డరుకీ చూడాల్సినవి: డబ్బు ఖాతాలో ఎన్నో రోజు పడింది, ఎంత కోత పడింది, స్టాకు తగ్గిందా, బిల్లు సరిగ్గా వచ్చిందా, ట్రాకింగ్ మెసేజ్ వెళ్లిందా. తేడా ఉంటే ఇరవైమందికి ఫోన్ చేసి చెప్పుకోగలం, రెండు వేలమందికి చెప్పుకోలేం. అన్నీ కుదిరాకే గ్రూపులో లింకు పెట్టండి.

ఆ తర్వాత ప్రతినెలా ఒకటో తారీఖున, మగ్గాలవాళ్ల లెక్క చూసే రోజే, ఆ మూడు ఫైళ్లూ దించి పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, మెయిల్‌లో ఒక కాపీ పెట్టుకోండి. మా అక్క ఇప్పుడు ఆ పెన్‌డ్రైవ్‌ని బీరువాలో జరీ బిల్లుల పక్కనే పెడుతుంది.